చీటీ లేని గబ్బిలం

గబ్బిలం దూరిన ఇల్లు మూడు నెలలు తిరగకుండా ఖాళీ అవుతుందని కృష్ణా డెల్టాలో గట్టి నమ్మకం. ఖాళీ కావడమంటే ఏమిటో నమ్మేవాళ్ళలో ఏకాభిప్రాయం లేదు. ఇంట్లోవాళ్ళు ఊరు విడిచిపోతారని కొందరంటారు, లోకమే విడిచిపోతారని మరికొందరంటారు. విరుగుడు విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట: సామానంతా వీధిలో పెట్టి, శాంతి చేయించి, ఆ ఇంట్లో మళ్ళీ పాలు పొంగించుకోవాలి.

1944 ఫిబ్రవరి మూడో తేదీ సాయంత్రం బెజవాడ గవర్నర్‌పేటలో సాంబమూర్తి మాస్టారి ఇంట్లోకి గబ్బిలం వచ్చింది. ఆగిపోయిన గోడగడియారాన్ని బాగుచేయడానికి వచ్చిన అబ్దుల్ రవూఫ్ దాన్ని మేకు మీంచి దించగానే, వెనకాల తలకిందులుగా వేళ్ళాడుతూ కనబడింది. రవూఫ్ రెండడుగులు వెనక్కి వేశాడు. సాంబమూర్తి నాలుగడుగులు ముందుకు వేశాడు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు ప్రకృతిశాస్త్రం బోధించి రిటైరైన ఆ పెద్దమనిషి ముఖంలో అంత సంతోషం పెన్షను మంజూరైన రోజున కూడా ఎవరూ చూడలేదు.

ఆయన వెంటనే నోటుబుక్కు తెరిచి ఇలా రాశాడు: "నమ్మకం: గబ్బిలం దూరిన ఇల్లు మూడు నెలల్లో ఖాళీ అవుతుంది. ప్రవేశించిన తేదీ: ఫిబ్రవరి 3. గడువు: మే 3. విరుగుడు: చేయలేదు. ఫలితం:" ఆ తరువాత రెండు గీతల జాగా వదిలాడు.

"శాంతి చేయిద్దామండీ," అంది ఆయన భార్య భద్రమ్మ, గుమ్మంలోంచి గదిలోకి రాకుండానే.

"చేయిస్తే ప్రయోగం చెడిపోతుంది," అన్నాడు సాంబమూర్తి.

అయితే ఆయన సంతోషానికి మూలం ఆ ప్రయోగం కాదు. పన్నెండేళ్ళుగా ఆయన కలకత్తాలోని ఒక మ్యూజియానికి గబ్బిలాలు పంపుతున్నాడు. ఇంతవరకు నాలుగు పంపాడు. నాలుగింటికీ ఒకే జవాబు వచ్చింది: "సామాన్యమైన జాతి. ధన్యవాదాలు." ఈ సంక్రాంతి వెళ్ళిన వారానికి అక్కడి శాస్త్రజ్ఞుడు డాక్టర్ ఘోషాల్ దగ్గరనుంచి కార్డు వచ్చింది. ఆయన మద్రాసునుంచి కలకత్తాకు తిరిగివెళుతూ ఫిబ్రవరి అయిదున మెయిల్లో బెజవాడ మీదుగా పోతాడట. మెయిలు పదకొండింటికి వచ్చి ఇరవై నిమిషాలు ఆగుతుంది గనక, చూడదగినదేమైనా ఉంటే ప్లాట్‌ఫారం మీదికి తెచ్చి చూపించమన్నాడు. "చూడదగినదేమైనా" అన్న మాట సాంబమూర్తికి పక్కలో ముల్లులా గుచ్చుకుంటోంది.

మర్నాడు సాయంత్రం గబ్బిలాన్ని తువ్వాలులో పొదివి పట్టుకుని కూర్చున్నాడు. రవూఫ్ తన గడియారాల భూతద్దాన్ని కంట్లో ఇరికించుకుని దాని నోట్లోకి చూస్తున్నాడు.

"మాస్టారూ, కొరుకుతోందండీ!"

"కొరకనియ్యవయ్యా. కొరికితేనే కదా పళ్ళు కనబడేది."

"పై వరస పద్ధెనిమిది. కింది వరస... కదలకమ్మా తల్లీ... ఇరవై. మొత్తం ముప్పై ఎనిమిదండీ."

మన ఇళ్ళ చూరుల్లో ఉండే మామూలు చిన్న గబ్బిలానికి ముప్పై నాలుగే పళ్ళు. దీని చెవులు పొడుగ్గా, మొనదేలి, అచ్చం ఎలుక చెవుల్లా ఉన్నాయి. చెవి లోపల సన్నని ఆకు ఒకటి ఈటెలా నిటారుగా నిలిచి ఉంది. పళ్ళు చూస్తే ముప్పై ఎనిమిది. ఇది ఎలుకచెవి గబ్బిలం, శాస్త్రంలో మైయోటిస్. అందులో ఏ జాతిదో తేల్చగలవాడు రేపు రైల్లో వస్తున్నాడు. సాంబమూర్తి దగ్గరున్న పుస్తకంలో ఎలుకచెవి గబ్బిలాలు దొరికిన ఊళ్ళ జాబితా ఉంది. అందులో బెజవాడ లేదు. రేపటితో బెజవాడ చేరుతుంది, పక్కన సేకరించినవాడి పేరూ చేరుతుంది.

"చీటీ!" అన్నాడు సాంబమూర్తి. "చీటీ లేని నమూనా నమూనా కాదు. చేతిలో ఉండగానే కొలవాలి, కొలవగానే రాయాలి, రాయగానే కట్టాలి. తరువాత గుర్తు తెచ్చుకుని రాసింది అబద్ధంతో సమానం." ముప్పై ఏళ్ళపాటు పిల్లలకు చెప్పిన పాఠమే అది.

యుద్ధం రోజులు. బజారులో కాగితమే కరువు, ఇక దళసరి అట్ట మాటే లేదు. పాత ఉత్తరాలు గుచ్చిన ఇనుపచువ్వ మీద చెయ్యి వేస్తే అట్టలా గట్టిగా ఉన్న శుభలేఖ ఒకటి తగిలింది. సాంబమూర్తి దాని మూల కత్తిరించాడు. బొటనవేలంత ముక్క వచ్చింది. దానిమీద పసుపు మరక ఉంది, అయినా సిరా పట్టింది. ఆయనకు చత్వారం గనక రాసేపని రవూఫ్‌ది. బాగుచేసిన తేదీని గడియారం మూత లోపల సూదితో గీకే చెయ్యి అది. తొమ్మిది గళ్ళు గీసి, గడికొక అంకె వేశాడు: శరీరం యాభై మూడు, తోక నలభై ఒకటి, ముంజేయి యాభై ఒకటి. రెండో వరసలో చెవి పదహారు, చెవిలో ఆకు ఏడు, పిక్క ఇరవై. మూడో వరసలో పాదం పదకొండు, బొటనవేలు ఎనిమిది, పళ్ళు ముప్పై ఎనిమిది. అంచున సన్నని ఇంగ్లీషు అక్షరాలలో ఊరూ తేదీ చేర్చాడు. పక్కింటి పాండురంగయ్య బట్టలకొట్టునుంచి చీర పొట్లానికి కట్టి వచ్చిన ఎర్ర నూలుదారంతో ఆ చీటీని గబ్బిలం కాలికి కట్టారు. చీటీ వెనకవైపు ఏముందో ఇద్దరూ చూడలేదు. శాస్త్రానికి ముందువైపుతోనే పని.

కొలతలు నోటుబుక్కులో కూడా ఎక్కించుకోవచ్చు. కానీ ఒకే సంగతిని రెండుచోట్ల రాస్తే రెండు తప్పులకు అవకాశమిచ్చినట్టేనని సాంబమూర్తి అభిప్రాయం. గబ్బిలాన్ని కొత్త కుండలో పెట్టి, గాలి ఆడటానికి పైన జల్లెడ బోర్లించాడు. దాన్ని చంపి స్పిరిట్లో వేయవలసింది. స్పిరిటు పర్మిటు మీద తప్ప దొరకడంలేదు. చంపడం భద్రమ్మ దగ్గర ఏ పర్మిటు మీదా సాగదు.

అయిదో తేదీ కార్యక్రమం సులువైనదే. ఆరింటికి కాఫీ, తొమ్మిదింటికి ఉప్మా, పదింటికి జట్కా, పదకొండింటికి డాక్టర్ ఘోషాల్. కాఫీదాకా అంతా అనుకున్నట్టే జరిగింది.

"జల్లెడ ఏదే?" అని కేకవేశాడు సాంబమూర్తి, తొమ్మిది కావస్తుండగా కుండ ముందు నిలబడి.

"నా దగ్గరుంది. ఉప్మాకి రవ్వ జల్లించాను," అని వంటింట్లోంచి జవాబు వచ్చింది.

"దాని కింద ఏముందో చూశావా?"

"కుండ ఉంది. కుండ అక్కడే ఉందిగా. నేను ముట్టుకోనైనా లేదు."

"కుండలో ఏముంది?"

"కుండలో ఏముందో నాకెందుకండీ? నా జల్లెడ నేను తెచ్చుకున్నాను. అసలు అడక్కుండా తీసిందెవరు?"

సాంబమూర్తి పైకి చూశాడు. పక్కింటి వైపు గోడలో వెలుతురుకోసం పెట్టిన కంత తెరిచి ఉంది. ఆయన చూపు అక్కడ ఉండగానే, ఆ కంత అవతలనుంచి పాండురంగయ్య భార్య చౌడేశ్వరమ్మ పెట్టిన కేక ఏలూరు కాలవదాకా వినిపించింది.

దేవాంగుల ఆడపడుచు, నిండు ముత్తయిదువ చౌడేశ్వరమ్మ. అరవడం ఎంత జోరో పని చేయించడం అంత జోరు. సాంబమూర్తి పైపంచె సవరించుకుని వీధిలోకి వచ్చేసరికే వాళ్ళ ఇంట్లోంచి పీటలు, బిందెలు, ఊయల బల్ల బయటికి వచ్చేశాయి. వాటి వెనక బట్టల మూటలు రావడం మొదలైంది. పెడననుంచి, మంగళగిరినుంచి వచ్చిన నేతచీరలను పాండురంగయ్య కొట్టులో జాగా చాలక ఇంటి నడవలో దొంతర్లు వేస్తాడు. ముగ్గురు కొట్టు గుమాస్తాలు ఆ మూటలను మోసుకొచ్చి అరుగుమీద పేరుస్తున్నారు.

బట్ట దొరకని కాలం. కంట్రోలు కొట్టు ముందు పొద్దున్నుంచి నిలబడినా అరచీర దక్కితే గొప్ప. అలాంటి కాలంలో వీధి అరుగుమీద మూటలు చూసి నడిచిపోయేవాడు నడిచిపోతాడా? మొదటివాడు ఆగాడు. రెండోవాడు అతని వెనక నిలబడ్డాడు. పది నిమిషాల్లో క్యూ వీధి మలుపు తిరిగింది. మలుపు అవతల ఉన్నవాళ్ళకు ముందు ఏమి ఇస్తున్నారో తెలియదు గనక కొందరు కిరసనాయిలు సీసాలు కూడా తెచ్చుకున్నారు.

"కాస్త దారివ్వండి బాబూ, లోపల నా గబ్బిలం ఉంది," అన్నాడు సాంబమూర్తి.

"గబ్బిలమైతేనేం, ఏనుగైతేనేం? వరసలో రావయ్యా పెద్దాయనా!" అన్నాడొకడు.

"తెల్లారగట్లనుంచి నిలబడ్డాం మేము," అంది వాడి ముందున్నావిడ, వచ్చి అయిదు నిమిషాలైనా కాకుండానే.

సాంబమూర్తి క్రమశిక్షణ గల మనిషి. ఒక్క క్షణం నిజంగానే వరస చివరికి వెళ్ళబోయాడు. అప్పుడు రవూఫ్ ఎదురు వచ్చి, జేబుగడియారం చూసి, "తొమ్మిదీ నలభై మాస్టారూ," అన్నాడు. ఇద్దరూ కలిసి భుజాలతో తోసుకుంటూ పాండురంగయ్య గుమ్మం చేరారు.

గుమ్మంలో భూతవైద్యుడు బసవయ్య కూర్చుని ఉన్నాడు. మెడలో రుద్రాక్షలు, మొలలో అడకత్తెర, పక్కన వేపమండ. అతనిమీదా, అతని వంటి వాళ్ళమీదా సాంబమూర్తి రెండేళ్ళ కిందట "తాయెత్తు అనగా రాగిరేకు" అనే కరపత్రం అచ్చువేయించి ఊరంతా పంచాడు. దాని ప్రతులు ఇంకా మూడు కట్టలు ఇంట్లో మిగిలి ఉన్నాయి. బసవయ్యకు చదువు రాదు గనక ఆ విషయంలో వైరం లేదు.

"లోపలికి రాకండి," అన్నాడు బసవయ్య. "అది మామూలు గబ్బిలం కాదు. కాలికి యంత్రం కట్టి తోలారు. పసుపు రాసిన పత్రం, ఎర్రదారం, తొమ్మిది గళ్ళు. పూజగదిలో అమ్మవారి పటానికే వేళ్ళాడుతోంది, ఎంత గుండె ధైర్యమో చూడండి."

పాండురంగయ్య నెమ్మదైన మనిషి. "అంకెలు నేను చదివానండీ మాస్టారూ. పొడుగు కర్రతో చీటీని అటూ ఇటూ తిప్పి చదివాను. పై వరస కూడితే నూట నలభై అయిదు. రెండో వరస నలభై మూడు. మూడోది యాభై ఏడు."

"కలవడంలేదు చూశారా?" అన్నాడు బసవయ్య గంభీరంగా. "ఎటు కూడినా ఒకటే వస్తే అది రక్షయంత్రం. ఎటు కూడినా కలవకపోతే మారణయంత్రం. నా జన్మలో ఇంత దారుణంగా కలవని యంత్రం చూళ్ళేదు."

"కలవడానికి అవి లెక్కలు కావయ్యా, కొలతలు!" అన్నాడు సాంబమూర్తి. "ఆ చీటీ నేనే కట్టాను."

ఆయన తనను తాను ఇరికించుకున్నాడని అక్కడున్న అందరికీ అర్థమైంది, ఆయనకు తప్ప.

చౌడేశ్వరమ్మ లోపలినుంచి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. "మీరా అన్నయ్యగారూ? మీకు నేనేం ద్రోహం చేశానండీ? నిన్నగాక మొన్న వదినగారికి గోంగూర పచ్చడి కూడా పంపించాను. నామీద కోపముంటే నన్నేదైనా చెయ్యండి. పెళ్ళై నాలుగు నెలలైనా కాలేదు, నా బిడ్డ మీదెందుకండీ?"

"మీ బిడ్డకూ దానికీ ఏమిటమ్మా సంబంధం?"

"చీటీ వెనకవైపు పేరు ఉందిగా!" అన్నాడు పాండురంగయ్య. "అచ్చక్షరాలు. చి. ల. సౌ. ఛాయాదే... అక్కడికి కత్తిరించేశారు. దారం చూద్దునా, మా కొట్టు దారమే."

సాంబమూర్తికి ఇనుపచువ్వ, శుభలేఖ, కత్తెర వరసగా కళ్ళముందు మెదిలాయి. ఆయన వెనక క్యూలోంచి భద్రమ్మ గొంతు ఖంగుమంది: "ఛాయాదేవి శుభలేఖ చింపారా! ఏమండీ, శుభలేఖ ఎవరైనా చింపుతారా?" ఆమె భర్తకు ఉప్మా తినమని చెప్పడానికి వచ్చి, సాక్ష్యం చెప్పి ఊరుకుంది.

"వినండమ్మా," అన్నాడు సాంబమూర్తి, పాఠం చెప్పే గొంతుతో. ముప్పై ఏళ్ళ అలవాటు మరి. "ఒక్కొక్క గడీ విప్పి చెబుతాను. యాభై మూడు శరీరం పొడుగు. నలభై ఒకటి తోక..."

"మా అమ్మాయికి తోకేమిటండీ!"

"అమ్మాయికి కాదమ్మా, దానికి. పదహారు చెవి. చివరి గడిలో ముప్పై ఎనిమిది పళ్ళు."

"మా ఛాయకి ముప్పై రెండే!" అని చౌడేశ్వరమ్మ గొల్లుమంది. "ఇంకో ఆరు మొలిపిస్తారటండీ! ఎవరైనా తెనాలికి, దాని అత్తారింటికి టెలిగ్రాం ఇవ్వండి! పిల్ల నోరు తెరిపించి చూడమనండి!"

గుమాస్తాల్లో ఒకడు టెలిగ్రాఫు ఆఫీసుకు పరుగెత్తాడు. వాడు పరుగెత్తడం చూసి, బట్ట అయిపోవచ్చిందనుకుని క్యూ ముందుకు తోసుకుంది. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి "చేతబడి!" అని చెప్పారు. ఆ మాట వరస వెంబడి సాగి, మలుపు తిరిగి, చివరికి చేరేసరికి "చీరకి జాకెట్టుముక్క కూడా ఇస్తున్నారు" అయింది. ఎవరూ కదల్లేదు.

"పదీ అయిదు మాస్టారూ," అన్నాడు రవూఫ్.

"బసవయ్యా, నన్ను లోపలికి పోనియ్యి. దాన్ని పట్టుకుని నా దారిన నేను పోతాను," అన్నాడు సాంబమూర్తి.

"పంపినవాడే పిలవాలి. అది ధర్మం. కానీ మంత్రం చదివే పిలవాలి. మంత్రం లేకుండా ముట్టుకుంటే ఇంట్లోనే ఉండిపోతుంది."

"నాకు మంత్రాలు రావు."

"రాకుండానే పంపారా?" అన్నాడు బసవయ్య. ఆ ప్రశ్నలో తర్కానికి లోటు లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకోలుగా తలలూపారు.

సాంబమూర్తి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. ఒకవైపు ముప్పై ఏళ్ళ బోధన, అచ్చువేయించిన కరపత్రం. మరొకవైపు పన్నెండేళ్ళుగా వచ్చిన నాలుగు "సామాన్యమైన జాతి"లు, ఇంకో గంటలో వచ్చే మెయిలు. ఆయన కళ్ళు తెరిచి, చెప్పులు విడిచి, తువ్వాలు రెండు చేతులమీదా పరుచుకుని పూజగదిలో అడుగుపెట్టాడు. తెలిసిన పరభాషా పదాలలో అబద్ధం లేనివి గబ్బిలాల శాస్త్రనామాలు మాత్రమే గనక, వాటినే గొంతెత్తి చదవసాగాడు.

"కైరోప్టెరా!"

వీధిలో క్యూ మెడలు సాచింది.

"మైక్రోకైరోప్టెరా! రైనోలోఫస్ కాదు! టాఫోజస్ కాదు! పిపిస్ట్రెల్లస్ అసలే కాదు!"

"కానివాటిని ముందే కట్టేస్తున్నాడు," అని బసవయ్య పక్కవాడికి వివరించాడు. "అష్టదిగ్బంధనం."

"వెస్పర్టిలియోనిడే! మైయోటిస్! మైయోటిస్! మైయోటిస్!"

మూడో మైయోటిస్ దగ్గర గబ్బిలం పటం మీంచి జారి తువ్వాలులో పడింది.

"కిటికీ తలుపు నేను తెరిచానండీ," అన్నాడు రవూఫ్ గది అవతలివైపునుంచి. "ఎండ మొహాన పడింది, అందుకని పడింది." ఆ మాట ఎవరూ వినలేదు. బసవయ్య అంత వయసులోనూ సాష్టాంగపడ్డాడు. లేస్తూ లేస్తూ, "పట్టు తెంచాలి స్వామీ," అని అడకత్తెరతో ఏదో కటుక్కుమనిపించాడు. తువ్వాలులో బతికున్న ఎలుకచెవి గబ్బిలం తప్ప లోకంలో మరొకటి ఉందన్న స్పృహ సాంబమూర్తికి ఆ క్షణాన లేదు.

ఆయన గుమ్మం దాటేసరికి క్యూ రెండుగా చీలి దారి ఇచ్చింది. గంట కిందట వరసలో రమ్మన్నవాడు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. జట్కావాడు ఎక్కించుకోనని చెప్పడానికి భయపడి ఎక్కించుకున్నాడు. వెనక కూర్చున్నది ఎవరో, తువ్వాలులో ఉన్నది ఏమిటో తెలిసినవాడు తోలినట్టే తోలాడు. స్టేషను ముందు ఆయన జేబులో చెయ్యి పెట్టేలోగానే బండి మాయమైంది.

అయితే మెయిలు ఆ రోజు సరైన వేళకే వచ్చింది. యుద్ధం మొదలైన తరువాత అది సరైన వేళకు రావడం ఎవరూ ఎరగరు. సాంబమూర్తి చేరేసరికి పదకొండూ పద్ధెనిమిది.

డాక్టర్ ఘోషాల్ సెకండు క్లాసు కిటికీలోంచి చేతులు చాపి గబ్బిలాన్ని అందుకున్నాడు. చెవి చూశాడు. చెవిలో ఆకు చూశాడు. భూతద్దం తీసి, అది కొరుకుతుంటే కొరకనిచ్చి పళ్ళు లెక్కపెట్టాడు. రెక్కపొర పాదానికి ఎక్కడ అంటుకుందో విప్పి చూశాడు. ఆయన ముఖం వెలిగింది.

"మైయోటిస్! నిస్సందేహంగా మైయోటిస్!" అన్నాడు ఇంగ్లీషులో. "పెద్దపాదాల తెగలోది అనుకుంటాను. కలకత్తాలో సరిపోల్చి చూస్తే జాతి తేలుతుంది. మాస్టారుగారూ, ఇది చూడదగినది. నిజంగా చూడదగినది. ఎక్కడ దొరికింది? చీటీ ఏది?"

"కాలికి ఉంది," అన్నాడు సాంబమూర్తి.

కాలికి ఎర్రదారం పోగు ఒకటి మిగిలి ఉంది. కొస నున్నగా తెగి ఉంది, అడకత్తెర తెగ్గొట్టినట్టు.

గార్డు ఈల వేశాడు. "కంగారు పడకండి," అన్నాడు డాక్టర్ ఘోషాల్, కదులుతున్న రైల్లోంచి. "చీటీ పోస్టులో పంపండి. అసలు చీటీ సుమా! తరువాత రాసింది పనికిరాదు. మీకు చెప్పేదేముంది, మీకు తెలియనిదా!"

ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పిన మాటను రైలు కిటికీలోంచి మరొకరి నోట వింటూ సాంబమూర్తి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాడు.

ఆయన తిరిగి గవర్నర్‌పేట చేరేసరికి పాండురంగయ్య ఇంట్లో శాంతి జరిగి, పాలు పొంగి, సామాను లోపలికి చేరింది. లోపలికి చేరనివి బట్టల మూటలు మాత్రమే. చేతబడి గొడవ తేలాక కూడా క్యూ కదలకపోవడంతో పాండురంగయ్య వాటిని అక్కడే అమ్మివేశాడు. చీటీ చౌడేశ్వరమ్మ కుడి దండకు, వేలెడు పొడుగు రాగి గొట్టంలో కట్టి ఉంది.

"మారణయంత్రాన్ని పంపినవాడే వెనక్కి లాక్కుంటే, అది తిరగబడి రక్ష అవుతుంది," అని బసవయ్య వివరించాడు. "అంతకు మించిన రక్ష లేదు."

గొట్టం రెండు వైపులా టంకం వేసి మూసి ఉంది. ఆ టంకం పనితనం ఎవరిదో సాంబమూర్తి గుర్తుపట్టాడు.

"చిన్నపని, రెండు నిమిషాలు అన్నారండీ," అన్నాడు రవూఫ్ తల దించుకుని. "లోపల ఏముందో నేను చూళ్ళేదు మాస్టారూ."

"చౌడేశ్వరమ్మగారూ, ఆ చీటీ ఒక్కటి నాకు ఇచ్చెయ్యండమ్మా. గొట్టం మీరే ఉంచుకోండి. మీకు రెండు చేతులూ జోడించి నమస్కారం చేస్తాను," అన్నాడు సాంబమూర్తి.

ఇచ్చేదేమో. జాలిగుండె మనిషి. గొట్టం ముడి మీద చెయ్యి కూడా వేసింది. సరిగ్గా అప్పుడే తెనాలినుంచి టెలిగ్రాం వచ్చింది. పాండురంగయ్య చదివాడు: "ఛాయ క్షేమం. మూడో నెల. పళ్ళు సరిగానే ఉన్నవి. ఎందుకు అడిగారు?"

చౌడేశ్వరమ్మ ముడిని మరింత బిగించింది. "చూశారా అన్నయ్యగారూ, మీ మహిమ! పురుడు వచ్చేదాకా దీన్ని తియ్యను. అప్పుడు పిల్లాడి మొలకి కడతాను."

మర్నాటినుంచి సాంబమూర్తి ఇంటి అరుగుమీద జనం మొదలైంది. మొదట గవర్నర్‌పేటవాళ్ళు, తరువాత ఇబ్రహీంపట్నం, కంకిపాడు, గుడివాడవాళ్ళు. పిల్లలు లేనివాళ్ళు వచ్చారు, గేదె ఈననివాళ్ళు వచ్చారు. మైయోటిస్ మంత్రం వేయమని అడిగారు. తాయెత్తులు మోసమని సాంబమూర్తి ఒక్కొక్కరికీ ఓపికగా చెప్పి, రుజువుగా ఒక్కొక్కరి చేతిలో కరపత్రం పెట్టాడు. వాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, రవూఫ్ కొట్టుకు వెళ్ళి రాగి గొట్టాల్లో వేయించుకున్నారు. రెండేళ్ళుగా కదలని మూడు కట్టలూ మూడు వారాల్లో చెల్లిపోయాయి. పనిచేశాయని చెప్పడానికి మళ్ళీ వచ్చినవాళ్ళవల్ల జనం రెట్టింపయ్యారు. బసవయ్య రోజూ తెల్లవారేసరికి వచ్చి, అరుగు ఊడ్చి, శిష్యుడుగా చేర్చుకోమని కూర్చునేవాడు.

ఏప్రిల్లో కలకత్తానుంచి ఉత్తరం వచ్చింది. చీటీ లేనందువల్ల రిజిస్టరులో నమోదైన పద్ధతిని డాక్టర్ ఘోషాల్ విచారంతో రాసి పంపాడు: "ఎలుకచెవి గబ్బిలం, ఒకటి, ఆడది. దొరికిన చోటు: తెలియదు. సేకరించినవారు: తెలియదు. రైలు కిటికీలోంచి అందినది."

ఆ ఉత్తరాన్ని చదువుతుండగానే కైకలూరునుంచి రెండెడ్లబండిలో పెళ్ళివారెవరో దిగారు. వధూవరుల పళ్ళు లెక్కపెట్టి దీవించమన్నారు.

"మా తమ్ముడింటికి పోదామండీ," అంది భద్రమ్మ. "బందరులో మనల్నెవరూ ఎరగరు. వంటింట్లోకి కూడా జనం వచ్చేస్తున్నారు. నా జల్లెడ కళ్ళకద్దుకుంటున్నారు."

సాంబమూర్తి ట్రంకుపెట్టె కిందికి దించాడు. సర్దుతుంటే నోటుబుక్కు కనబడింది. ఫిబ్రవరి మూడున వదిలిన రెండు గీతల జాగా అలాగే ఉంది. వీధి తలుపుకు తాళం వేసి, జట్కా ఎక్కి, తేదీ లెక్క రెండుసార్లు సరిచూసుకుని, ఆ రెండు గీతలూ నింపాడు.

"విరుగుడు చేసిన ఇల్లు (పాండురంగయ్యగారిది): నేటికీ నిలిచి ఉన్నది.
విరుగుడు చేయని ఇల్లు (మాది): ఏప్రిల్ 29, ఎనభై ఏడవ రోజున ఖాళీ అయినది."